ముమ్మారమ్మ పెట్టని సంతకం

ఆమె పేరు మీద నేను నాలుగు క్షమాపణ పత్రాలు టైపు చేశాను. నాలుగూ నా బల్ల మీదికే తిరిగొచ్చాయి. మొదటిది నాలుగు మడతలు పెట్టి, రెండోది ఉండ చుట్టి, మూడోది తడివేలితో రుద్దడం వల్ల సిరా అలుక్కుపోయి, నాలుగోది ఎలా ఇచ్చానో అలాగే. ఇరవై రెండేళ్ళుగా ఆ పరిశోధనాలయం ఆఫీసులో టైపు చేస్తున్నాను. నేను కొట్టిచ్చిన కాగితం మీద సంతకం పెట్టనన్న మనిషిని అప్పటిదాకా చూడలేదు. పెద్ద పెద్దవాళ్ళే చదవకుండా గీకేస్తారు. అలాంటిది గాజు సామాను కడిగే ఆవిడ పెట్టనంది. ముందు నాకు ఒళ్ళు మండింది. నాలుగుసార్లు టైపు కొట్టినవాడి బాధ కొట్టినవాడికే తెలుస్తుంది.

ఆమెను మా దగ్గర అందరూ ముమ్మారమ్మ అంటారు. అసలు పేరు హాజరు పట్టీలో ఉంది, కానీ ఆ పేరుతో పిలిస్తే ఆమే వెనక్కి తిరిగి చూడదు. ఏ గాజు సామాను చేతికిచ్చినా ముమ్మారు కడగనిదే బల్ల మీద పెట్టదు. సబ్బునీళ్ళతో ఒకసారి, కుళాయి నీళ్ళతో ఒకసారి, చివరికి డిస్టిల్డ్ వాటర్‌తో ఒకసారి. ఈ చివరి నీళ్ళు పట్టే యంత్రం ఆమె గది మూలలోనే ఉంటుంది. కుళాయి నీళ్ళను ఆవిరి చేసి, ఆ ఆవిరిని చల్లార్చి చుక్కచుక్కగా సీసాలోకి దింపుతుంది. ఆ నీళ్ళలో ఉప్పు ఉండదు, సున్నం ఉండదు, మట్టి ఉండదు. నేనొకసారి తాగి చూశాను, నోటికి ఏమీ తెలియలేదు.

మెట్ల కింద, కారిడార్ చివర ఆ గది. రెండు లోతైన తొట్లు, ఎత్తులో ఒకే ఒక కిటికీ, గోడకు మేకులు కొట్టి వరసగా తగిలించిన బ్రష్షులు. చిటికెనవేలంత సన్నటి బ్రష్షు నుంచి చీపురంత లావుదాకా అన్నీ ఉన్నాయి. కడిగిన ప్రతి జాడీనీ ఆమె కిటికీ వైపు ఎత్తి వంచి చూస్తుంది. లోపలి నీళ్ళు ఒకే పొరగా జారిపోతే శుభ్రమైనట్టు. ఎక్కడైనా చుక్కలు చుక్కలుగా నిలిచిపోతే "ఇంకా ఏడుస్తోంది" అని మళ్ళీ తొట్టిలో వేస్తుంది. పరిశోధన చేసే పిల్లలు వచ్చి తొందరపెడితే, ఏడ్చే గాజులో చేసిన లెక్క ఏడ్చినట్టే ఉంటుందని వాళ్ళ ముఖం మీదే అనేది. వాళ్ళు గొణుక్కుంటూ కారిడార్‌లో నిలబడేవాళ్ళు.

ఆ గది ఆమెకు అత్తగారి నుంచి సంక్రమించింది. అత్తలు కోడళ్ళకు నగలు పెడతారు, ఈ అత్త బ్రష్షులు పెట్టిందని మా స్టోర్‌కీపరు వేళాకోళం. ముసలావిడ ముప్పై ఏళ్ళు అక్కడే కడిగి, మోకాళ్ళు మొరాయించాక కోడల్ని తీసుకొచ్చి తొట్టి ముందు నిలబెట్టింది. మొదటి నెలంతా తాను స్టూలు మీద కూర్చుని, కోడలు కడిగినవన్నీ వెనక్కి తిప్పిపంపింది. కడిగానని నువ్వు చెప్పకు, గాజును చెప్పనివ్వు అనేదట. ఆ నెలలో తాను ఏడవని రోజు లేదని, ఆ తర్వాత ఇంకెవరి మాటకూ ఏడవలేదని ముమ్మారమ్మ నవ్వుతూ చెప్పేది.

ఆమె భర్త తాపీ మేస్త్రీ. పెళ్ళైన ఆరో ఏట అతనికి టైఫాయిడ్ వచ్చింది. ఇటుకల తట్ట ఆడుతూ పాడుతూ నెత్తికెత్తుకునే మనిషి రెండు నెలలు మంచం దిగలేదు. తాగిన నీళ్ళే కారణమన్నాడు డాక్టరు. అప్పటి నుంచి వాళ్ళింట్లో కాచని నీళ్ళు గుక్కెడు కూడా ఎవరి గొంతులోకీ దిగలేదు. అంతటితో ఊరుకుంటే ఆమె ముమ్మారమ్మ ఎందుకవుతుంది? వీధిలో గడపగడపకూ వెళ్ళి నీళ్ళు కాచుకోమని చెప్పింది. వినని వాళ్ళకు మళ్ళీ చెప్పింది. మూడోసారికి ఆమె పోరు పడలేక కాచుకున్నవాళ్ళే ఎక్కువ. కారణం ఏదైతేనేం, ఆ వీధంతా పొద్దున్నే నీళ్ళ గిన్నె పొయ్యి మీద పెట్టాకే మిగతా పని చూసుకునేవాళ్ళు.

ఇక బిళ్ళ సంగతి. మా దగ్గర పెద్దసారని ఒక శాస్త్రవేత్త ఉన్నాడు. ఆయన చెడ్డవాడని నేననను. ఆరేళ్ళు తిండీ నిద్రా సరిగ్గా లేకుండా ఒక బిళ్ళ తయారుచేశాడు. బూడిదరంగులో, స్పాంజిలా మెత్తగా, అరచేతిలో సగం ఉంటుంది. దాని నిండా కంటికి కనపడనంత సన్నటి వెండి రేణువులు. బిందెడు నీళ్ళలో వేసి గంటసేపు ఉంచితే నీళ్ళలోని రోగక్రిములు చచ్చిపోతాయి. తర్వాత బిళ్ళను తీసి, కడిగి, మర్నాడు మళ్ళీ వాడుకోవచ్చు. పొయ్యి అక్కర్లేదు, కరెంటు అక్కర్లేదు. ఒకసారి వాడి పారేసే మందులు బజార్లో చాలానే ఉన్నాయి. ఇది మళ్ళీ మళ్ళీ వాడేది కాబట్టే అందరూ ఎగబడ్డారు. అందుకే ఎన్నిసార్లు అన్నదే అసలు ప్రశ్న. వందసార్లు అని పెద్దసారు పట్టు.

ఆ వంద తేల్చే పరీక్ష నేను రోజూ చూసేవాణ్ణి, ఎందుకంటే టీ తాగడానికి నేను వెళ్ళేది ఆ గది మీదుగానే. క్రిములు కలిపిన నీళ్ళలో బిళ్ళ వేస్తారు. గంట తర్వాత ఆ నీళ్ళలోంచి ఒక చుక్క తీసి, జెల్లీ పోసిన గాజు పళ్ళెం మీద పరిచి, వెచ్చటి అల్మరాలో పెడతారు. ఒక్క క్రిమి బతికున్నా మర్నాటికి పళ్ళెం మీద ఆవగింజంత మచ్చ లేస్తుంది. మచ్చ లేకపోతే బిళ్ళ గెలిచినట్టు. మచ్చలు లెక్కపెట్టే పని పెద్దసారు దగ్గర చదువుకునే అమ్మాయిది, ఆమెను మేం చిన్నమేడం అంటాం. ప్రతి వాడకం తర్వాతా బిళ్ళను కడిగే పని ముమ్మారమ్మది. రోజుకు రెండు వాడకాలు, రెండు కడగడాలు. ఎన్నో కడుగో, ఏ నీళ్ళో, చేతికి బిళ్ళ ఎలా తగిలిందో ఆమె ఒక నోటుబుక్కులో పెద్ద పెద్ద అక్షరాలతో రాసుకునేది. అలా రాయమని ఆమెకు ఎవరూ చెప్పలేదు.

ముప్పై కడుగుల దాకా పళ్ళెం మీద ఒక్క మచ్చ లేదు. ముప్పై ఒకటో కడుగునాడు డిస్టిల్డ్ వాటర్ యంత్రంలో కాయిలు కాలిపోయింది. బాగుచేసేవాడు ఇదిగో వస్తున్నానని ఎనిమిది రోజులు రాలేదు. పెద్దసారు ఊళ్ళో లేడు, బిళ్ళలు తయారుచేసే కంపెనీవాళ్ళతో మాట్లాడటానికి వెళ్ళాడు. మధ్యలో ఆపితే లెక్క మళ్ళీ మొదటికొస్తుందని చిన్నమేడం భయపడి, కడగడమే కదా, ఈ నాలుగురోజులూ కుళాయి నీళ్ళతో కానిచ్చేయమంది. ముమ్మారమ్మ అలాగే కడిగింది. ఎప్పటిలాగే మూడేసిసార్లు కడిగింది. నోటుబుక్కులో కుళాయి నీళ్ళు అని రాసింది. అయిదోరోజు దాని పక్కన 'గరుకు' అని, ఏడోరోజు 'తెల్లపొర' అని రాసింది.

తొమ్మిదోరోజు పొద్దున పళ్ళెం మీద పదకొండు మచ్చలు లేచాయి.

పెద్దసారు తిరిగొచ్చి అగ్గిమీద గుగ్గిలమయ్యాడు. యంత్రం బాగుచేయించి, కొత్త బిళ్ళతో, డిస్టిల్డ్ వాటర్‌తో పరీక్ష మళ్ళీ మొదటినుంచీ చేయించాడు. రెండు నెలల్లో వంద పూర్తయింది, ఒక్క మచ్చ లేదు. ఆయన అందరికీ తీపి పంచాడు. కంపెనీవాళ్ళు అట్టపెట్టెల మీద 'వందసార్లు వాడవచ్చు' అని అచ్చేయించేశారు. ఇక మిగిలింది ఆ ఎనిమిది రోజుల గొడవ. పరీక్ష రికార్డులో పేజీలకు నంబర్లుంటాయి, చింపడానికి లేదు. ఆ పేజీల పక్కన ఒక కారణం ఉండాలి, ఆ కారణం కింద ఒక సంతకం ఉండాలి. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, కారణం కడిగిన మనిషిలో దొరికింది.

మొదటి పత్రంలో 'నా నిర్లక్ష్యం వల్ల' అని కొట్టాను. ఆమె తొట్టి దగ్గరే నిలబడి, చేతులు తుడుచుకుని, వేలు పెట్టి ప్రతి మాటా చదివింది. నిర్లక్ష్యమంటే కడగకుండా కడిగానని రాయడం, నేను అలా చేశానా అని అడిగింది. పెద్దసారు దయతలచి రెండోదాంట్లో 'తెలియక' అని మార్పించాడు. తెలిసే కడిగాను, తెలిసే రాశాను కదా అంది. మూడోదాంట్లో 'పొరపాటున' అని కొట్టాను. అప్పటికి నాకూ విసుగొచ్చింది. ఆ మాట మీద తడివేలు పెట్టి అటూ ఇటూ రుద్దింది, మాట చెరిగిపోయింది. కావాలనే చేసిందని నాకిప్పుడనిపిస్తుంది. కుళాయి నీళ్ళతో కడగమన్నది చిన్నమేడమే కదా, ఆ ముక్క చెప్పి బయటపడవచ్చు కదా అని గొంతు తగ్గించి సలహా ఇచ్చాను. ఆమె నన్ను ఎగాదిగా చూసింది.

"ఎవరు కడగమంటే ఏంటి తమ్ముడూ? ఆ పిల్ల మీదికి తోస్తే బిళ్ళ బతుకుతుందా?"

నాలుగో పత్రం పెద్దసారు స్వయంగా రాసిచ్చాడు. అందులో తప్పు అన్న మాటే లేదు. 'ఆ ఎనిమిది రోజుల ఫలితాలను లెక్కలోకి తీసుకోనవసరం లేదని అంగీకరిస్తున్నాను' అని ఒకే వాక్యం. ఇంత మెత్తటి కాగితం మీద కూడా సంతకం పెట్టకపోతే ఇక ఆమె పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు అన్నాడు. ఆమె అది చదివి, మీకు కావలసింది మొదటినుంచీ ఇదేనన్నమాట అని, మడతైనా పెట్టకుండా నా బల్ల మీద పెట్టి వెళ్ళిపోయింది. మర్నాడే ఆమెను కడిగే గది నుంచి తీసేసి స్టోరులో అట్టపెట్టెలకు తాళ్ళు కట్టే పనికి వేశారు. రెండు వారాల్లో విచారణ అన్నారు. అప్పటికీ సంతకం పెట్టకపోతే ఇంటికి పంపేస్తామని చెప్పకుండానే చెప్పారు.

కడిగే గదిలోకి రోజుకొకరు చొప్పున కొత్తవాళ్ళు వచ్చారు. గాజు ఏడుస్తూనే ఉంది. పరిశోధన పిల్లలు ఎవరికి వాళ్ళు వచ్చి కడుక్కోవడం మొదలుపెట్టారు.

ఎలాగైనా ఒప్పించి రమ్మని పెద్దసారు నన్ను ఆమె ఇంటికి పంపాడు. నేను వెళ్ళాను. ఎందుకు వెళ్ళావంటే, వెళ్ళమన్నారు కాబట్టి. మధ్యాహ్నం మూడు దాటింది, వీధి కుళాయికి నీళ్ళొదిలే వేళ. బిందెలు, డబ్బాలు, బకెట్లు వరసలో ఉన్నాయి. ఏ బిందె అంచు చూసినా లోపల తెల్లటి చారలు. ఆ నీళ్ళు అలాంటివి, ఆరితే సున్నం మిగులుతుంది. ముమ్మారమ్మ ఇల్లు రెండు గదులు. మొదటి గదిలో మంచం మీద అత్తగారు, రెండో గదిలో పొయ్యి, పొయ్యి మీద నీళ్ళ గిన్నె. ముసలావిడ నన్ను చూడగానే ఆ కాగితాల అబ్బాయివి నువ్వేనా అని అడిగింది. అవునన్నాను. చెవులు పనిచేయవని విన్నాను, నాలుక మాత్రం బ్రహ్మాండంగా పనిచేస్తోంది.

"దాని కడుగుడు నేను వందసార్లు తిప్పిపంపాను. దాని మాట ఒక్కసారి కూడా తిప్పిపంపలేదు. వెళ్ళి మీ సారుకు చెప్పు."

ఇంతలో పక్కింటావిడ ఒక రంగుల కాగితం పట్టుకుని లోపలికొచ్చింది. కంపెనీవాళ్ళు వీధంతా పంచారట. మొదటి విడత బిళ్ళలు ఇచ్చేది ఈ చుట్టుపక్కల వీధులకేనని, ఇక నీళ్ళు కాచే పనే ఉండదని అందులో ఉంది. ఆవిడ ముఖం వెలిగిపోతోంది. ఇంట్లో ఏడుగురికి నీళ్ళు కాచేసరికి తన పొద్దు సగం పోతోందని, ఆ గిన్నెను అటకెక్కించేస్తానని, ఇది మీ ఆఫీసుదేగా మంచిదేనా అని గడగడా అడిగింది. ముమ్మారమ్మ నావైపు చూపించింది. ఈయన్ని అడుగు, ఈయన ఆఫీసు మనిషి అంది. పక్కింటావిడ నావైపు తిరిగింది. నా చేతిలో వాళ్ళిచ్చిన గ్లాసు ఉంది, నేను నీళ్ళు నమిలాను. పరీక్షలు జరుగుతున్నాయండీ అన్నాను. ఆవిడ వెళ్ళాక ముమ్మారమ్మ నా ఎదురుగా గుమ్మం మీద కూర్చుంది.

"కాచుకోండని నేను చెబితే ఈ వీధి కాచుకుంది తమ్ముడూ. రేపు బిళ్ళ వచ్చాక నా నోటితో నేను మంచిదంటే గిన్నెలు అటకెక్కుతాయి. పదిహేను రోజులు బాగానే ఉంటుంది. ఆ తర్వాత బిళ్ళ మీద తెల్లపొర ఎక్కుతుంది. బిందెలో బిళ్ళ ఉంటుంది కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. ఎవరింట్లో ముందు మంచమెక్కుతారో నువ్వు చెప్పు, అప్పుడు సంతకం పెడతాను."

నాకు సిగ్గేసింది. నాలుగు కాగితాలు కొట్టినా, ఆ ఎనిమిది రోజుల పేజీల్లో ఏముందో నేను ఒక్కసారి కూడా చూడలేదు. మర్నాడు చూశాను. ఆమె నోటుబుక్కు తెచ్చుకుని పక్కన పెట్టుకుని చూశాను. గరుకు అని ఆమె రాసిన రోజుకు పళ్ళెం ఇంకా శుభ్రంగానే ఉంది. అంటే గాజు పళ్ళెం కన్నా నాలుగురోజుల ముందే ఆ వేళ్ళకు తెలిసింది. ఈ సంగతి పెద్దసారుకు చెప్పబోయాను. ఒప్పించి వచ్చావా లేదా అది చెప్పు అన్నాడు.

విచారణ పొద్దున పదకొండు గంటలకు. డైరెక్టరుగారు మధ్యలో, పెద్దసారు కుడివైపు, కంపెనీ మనిషి ఎడమవైపు, చివర్న చిన్నమేడం. జరిగిందంతా రాయడానికి నేను. ముమ్మారమ్మను కూర్చోమన్నారు, ఆమె నిలబడే ఉంటానంది. ఉతికిన చీర కట్టుకుని, తల నున్నగా దువ్వుకుని, చేతులు ముందుకు కట్టుకుని నిలబడింది. ఆ చేతులు సబ్బుకూ ఆమ్లానికీ పగిలి, గోళ్ళ చుట్టూ తెల్లబడి ఉన్నాయి. వాటి వంకే చూస్తూ ఉండిపోయాను.

పెద్దసారు చాలాసేపు, చాలా మర్యాదగానే మాట్లాడాడు. కుళాయి నీళ్ళలో ఉప్పులూ సున్నమూ ఉంటాయని, అవి వెండి మీద పొరగా పేరుకుంటే వెండి క్రిములను తాకలేదని, కాబట్టి అది కడగడంలో లోపమే తప్ప బిళ్ళలో లోపం కాదని వివరించాడు. పొర సంగతి ఆయనకూ తెలుసన్నమాట. బిళ్ళతోపాటు ఇచ్చే కాగితంలో శుభ్రమైన నీళ్ళతోనే కడగాలని స్పష్టంగా రాస్తామని, దాంతో సమస్య తీరిపోతుందని ముగించాడు. కంపెనీ మనిషి తలూపాడు. నువ్వేమంటావని డైరెక్టరుగారు ఆమెను అడిగారు.

"శుభ్రమైన నీళ్ళే ఉంటే వాళ్ళకు ఈ బిళ్ళ ఎందుకు సార్?"

పెద్దసారు నావైపు తిరిగి, ఆ మాట రాయనక్కర్లేదు అన్నాడు. ఇరవై రెండేళ్ళలో నేను రాయమన్నది రాశాను, వద్దన్నది మానేశాను. ఆ రోజు నా చెయ్యి ఆగలేదు. ఆమె అన్నది అన్నట్టే రాసి, కింద గీత కూడా గీశాను. ధైర్యమని చెప్పుకోను. ఆ మాట విన్నాక ఇంకేం రాయాలో నాకు తోచలేదు, అంతే.

అప్పుడు చివర్న కూర్చున్న చిన్నమేడం లేచింది. తేలు కుట్టిన దొంగలా ఇన్నాళ్ళూ తిరిగిన పిల్ల, కుళాయి నీళ్ళతో కడగమన్నది తానేనని చెప్పేసింది. ఈమె తన పేరు చెప్పకుండా ఇన్నాళ్ళూ మాటలు పడిందని కూడా చెప్పింది. డైరెక్టరుగారు కళ్ళజోడు తీసి తుడుచుకుని, సరే, ఇప్పుడు నీకేం కావాలమ్మా అని ముమ్మారమ్మను అడిగారు. ఆమె ముందే అనుకుని వచ్చినట్టుంది, తడుముకోలేదు.

"కొత్త బిళ్ళ ఇవ్వండి. మా వీధి నీళ్ళు నేను తెస్తాను, మీ అందరి ముందూ నేనే కడుగుతాను. వందసార్లు నిలిచిందా, మీ నాలుగు కాగితాల మీదా ఒకేసారి సంతకాలు పెట్టి, ఉద్యోగం కూడా వదిలేసి ఇంటికి పోతాను."

మొండివాడు రాజుకన్నా బలవంతుడంటారు. మొండిమనిషి పందెం వేస్తే కాదనడం డైరెక్టరుగారికీ కుదరలేదు. అచ్చేసిన అట్టపెట్టెలు ఏం కావాలని కంపెనీ మనిషి అడిగాడు. అవి ఆగుతాయి, జనానికొచ్చే జబ్బు ఆగదు అని డైరెక్టరుగారే అన్నారు.

మర్నాటి నుంచి ఆమె రోజూ పొద్దున ఇంటి దగ్గర్నుంచి డబ్బాతో నీళ్ళు మోసుకొచ్చింది. మెట్ల కింది గది తలుపు బార్లా తెరిచి పెట్టారు. ఆమె కడుగుతుంటే పెద్దసారు పక్కనే నిలబడి చూసేవాడు. నాలుగోరోజు ఆమె కాస్త గట్టిగా రుద్దుతోందేమోనని ఆయన అన్నాడు. ఆమె బిళ్ళను ఆయన చేతిలో పెట్టింది. ఆయన చొక్కా చేతులు పైకి మడిచి మూడుసార్లు కడిగాడు. ఆ రోజు నుంచి ఒకపూట ఆమె, ఒకపూట ఆయన. ఆఫీసంతా పని మానేసి చూడ్డానికి వచ్చేది. నేనూ టీ పేరుతో రోజుకు నాలుగుసార్లు వెళ్ళాను.

ఒకరోజు ఎవరూ లేనప్పుడు, నువ్వే గెలుస్తావులే అక్కా అన్నాను. ఆమెకు కోపం వచ్చింది. గెలవాలని ఎవరికుందని అడిగింది. బిళ్ళ వందసార్లు నిలిస్తే తన వీధిలో ఆడవాళ్ళందరికీ సగం పొద్దు మిగులుతుందని, ఇంత మంచి వస్తువు ఓడిపోవాలని తాను కోరుకుంటానా అని అంది. కడిగేటప్పుడల్లా నిలబడవే, నిలబడవే అని మనసులో అనుకుంటున్నానంది. నిలబడని దాన్ని నిలబడిందని మాత్రం అననంది. అప్పుడు ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అత్త తిప్పిపంపిన రోజుల తర్వాత ఆ గదిలో ఆమె కళ్ళు తడవడం అదే మొదటిసారేమో. నేను టీ చల్లారిపోతోందన్నాను.

ఆరోరోజు సాయంత్రం కడిగి, బిళ్ళను వేళ్ళ మధ్య నలిపి, గరుకెక్కింది అంది. పెద్దసారు తానూ నలిపి చూశాడు. ఆయనకు ఏమీ తెలియలేదు. తొమ్మిదోరోజు పొద్దున అందరూ అల్మరా ముందు చేరారు. చిన్నమేడం పళ్ళెం తీసి కిటికీ వెలుతురులో పట్టుకుంది. ఆమె లెక్కపెట్టబోతుంటే పెద్దసారు పళ్ళెం తన చేతిలోకి తీసుకున్నాడు. కళ్ళజోడు నెత్తి మీదికి నెట్టి, పళ్ళేన్ని ముక్కుకు దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చూశాడు. "నాలుగు," అన్నాడు. తర్వాత పళ్ళెం జాగ్రత్తగా బల్ల మీద పెట్టి, ఎవరి వంకా చూడకుండా తన గదికి వెళ్ళిపోయాడు. పదిహేనో కడుగు దాకా నిలిచిన బిళ్ళ, ఆ తర్వాతి వాడకంలో ఓడిపోయింది.

గెలుపు సంబరాలేవీ జరగలేదు. పెద్దసారు మూడురోజులు సెలవు పెట్టాడు. వచ్చాక ఆ ఎనిమిది రోజుల పేజీల పక్కన కారణం తానే రాశాడు. 'మామూలు నీళ్ళతో కడిగితే ఫలితం ఇదే' అని రాసి, తన సంతకమే పెట్టాడు. ఆయన చెడ్డవాడు కాడని నేను ముందే చెప్పాను. కంపెనీవాళ్ళు అట్టపెట్టెలన్నీ మళ్ళీ అచ్చేయించారు. జాగ్రత్త కోసం పదిసార్లే అని తగ్గించారు, ఆ తర్వాత నీళ్ళు కాచుకోవాలని పెద్ద అక్షరాలతో కలిపారు. వందలో ఒక సున్నా ఎగిరిపోయిందని స్టోర్‌కీపరు హాస్యమాడాడు. ముమ్మారమ్మ మళ్ళీ కడిగే గదికి వచ్చింది. గాజు మీది తెల్లపొరను పలచటి ఆమ్లంతో వదిలించడం ఆమెకు పాతికేళ్ళ అలవాటు. బిళ్ళ మీది పొరనూ అలా ఏమైనా వదిలించవచ్చేమోనని ఇప్పుడు చిన్నమేడం రోజూ వెళ్ళి ఆమె పక్కన నిలబడుతోంది. ఇంకా తేలలేదు.

అయినా ఆఫీసు ఆఫీసే. ఒక చిన్న ఉద్యోగి ఇంతమందిని తన మాట వినేలా చేస్తే దానికి ఏదో ఒక కాగితం పుట్టకుండా ఉంటుందా? నెల తిరక్కుండా పైనుంచి ఆమె పేరు మీద ఒక హెచ్చరిక పత్రం వచ్చింది. విచారణలో పై అధికారికి ఎదురు మాట్లాడినందుకు, ఆదేశించిన పత్రం మీద సంతకం చేయకుండా మూడు వారాలు ధిక్కరించినందుకు హెచ్చరిస్తున్నాం, అందినట్టు సంతకం చేసి పంపవలెను అని ఉంది. అది టైపు చేసింది కూడా నేనే. కొడుతున్నంతసేపూ నా వేళ్ళు నన్నే తిట్టాయి. దాన్ని ఆమె చేతికివ్వడానికి ముఖం చెల్లక, తొట్టి పక్కన పెట్టి తల దించుకుని నిలబడ్డాను.

ఆమె చేతులు తుడుచుకుంది. ఎప్పటిలాగే వేలు పెట్టి ప్రతి మాటా చదివింది, మళ్ళీ మొదటినుంచీ చదివింది. అయిదో కాగితం ఏ రూపంలో తిరిగొస్తుందోనని నేను చూస్తున్నాను.

"ఇందులో అబద్ధం ఏముంది? ఎదురు మాట్లాడాను. ధిక్కరించాను. పెన్నిటివ్వు తమ్ముడూ."

కాగితాన్ని తడి లేని చోట చదునుగా పరిచి, మేమెవరం ఎప్పుడూ పిలవని తన పేరు ఇంటిపేరుతో సహా, ఒక్కో అక్షరం విడిగా, కాగితం చివరిదాకా వచ్చేంత పెద్దగా రాసింది. సిరా ఆరేదాకా ఆగి నా చేతికిచ్చింది. దీనికి ఇంకో కాపీ తీసిపెట్టు, సాయంత్రం ఇంటికెళ్ళి మా అత్తకు గట్టిగా చదివి వినిపించాలి అంది.